పంచాయతీ బోర్డు తీసి మున్సిపాలిటీ బోర్డు పెడితే? మన ఏజెన్సీ పట్నాల చరిత్ర కొంత

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక చేసుకుని చదవండి.

ఏజెన్సీలో ఏ మండల కేంద్రం కాస్త పెరిగినా ముందు వినిపించే మాట ఒకటే: "దీన్ని మున్సిపాలిటీ చేయాలి". రోడ్లు వస్తాయి, డ్రైనేజీ వస్తుంది, నిధులు వస్తాయి అంటారు. వెంటనే మనోళ్ళలో ఇంకో మాట మొదలవుతుంది: "మున్సిపాలిటీ అయితే ఏజెన్సీ పోతుంది, 1/70 పోతుంది" అని. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు. పోయేది వేరే ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ భయం సంగతి తేలుద్దాం. షెడ్యూల్డ్ ఏరియా అనేది ఐదో షెడ్యూల్ ఆరో పేరా కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది. దాన్ని మార్చాలన్నా రాష్ట్రపతి ఉత్తర్వే కావాలి. మున్సిపల్ శాఖ జీవో ఇచ్చినంత మాత్రాన ఊరు ఏజెన్సీలోంచి బయటికి పోదు. భూ బదలాయింపు రెగ్యులేషన్ కూడా పొలాలకే పరిమితం కాదు, స్థిరాస్తి మొత్తానికి వర్తిస్తుంది. బజారు మధ్యలో ఇంటి స్థలమైనా, గుట్ట మీద పోడు భూమైనా ఒకటే రూలు. కాబట్టి ఎవరైనా "ఇప్పుడు టౌన్ అయింది కదా, రిజిస్ట్రేషన్ అవుతుంది" అని ప్లాటు అమ్మడానికి వస్తే నమ్మకండి.

అయితే ఏ ఊరు లిస్టులో ఉంది, ఏ ఊరు లేదు అనే దాంట్లోనే చాలా కథ ఉంది. ఇక్కడ కొంచెం ఆగుదాం.

భద్రాచలం సంగతి చూడండి. ఆ తాలూకా ఒకప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిపారు. అదే ఏడు షెడ్యూల్డ్ జిల్లాల చట్టం కూడా వచ్చింది. అప్పటి నుంచి ఏజెన్సీ అనే ఏర్పాటు, ఏజెంటు పాలన, 1917లో ఏజెన్సీ భూముల చట్టం, ఇవన్నీ అక్కడ వరసగా నడిచాయి. 1950 జనవరి 26న పార్ట్ ఎ రాష్ట్రాల షెడ్యూల్డ్ ఏరియాల ఉత్తర్వు వచ్చినప్పుడు తూర్పు గోదావరి ఏజెన్సీ, పశ్చిమ గోదావరి ఏజెన్సీ, విశాఖ ఏజెన్సీ అని మొత్తంగా రాసేశారు. భద్రాచలం పట్నమూ అందులోనే వచ్చింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసినా ఆ హోదా అలాగే ఉంది.

గోదావరి దాటి ఇవతలికి వస్తే కథ మారిపోతుంది. ఇది నిజాం రాజ్యం. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పిలిపించి గోండుల పరిస్థితి మీద అధ్యయనం చేయించింది. తర్వాత గిరిజన ప్రాంతాలకు రెగ్యులేషన్లు వచ్చాయి. హైదరాబాద్ ఇండియాలో కలిశాక 1950 డిసెంబర్ 7న పార్ట్ బి రాష్ట్రాల ఉత్తర్వు వచ్చింది. అందులో ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా రాశారు. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు, పాల్వంచ తాలూకా వరంగల్ జిల్లాలో ఉంది. ఆ తాలూకా అంతా షెడ్యూల్డ్ ఏరియానే అంటూనే పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట, కుక్కునూరు, నెల్లిపాక ఊళ్ళను మినహాయించారు.

ఆ ఆరు పేర్లు ఇంకోసారి చదవండి. బజారు ఉన్న ఊళ్ళు, కచేరీ ఉన్న ఊళ్ళు, షావుకార్లు దుకాణాలు పెట్టిన ఊళ్ళు. చుట్టూ ఉన్న పల్లెలకు రక్షణ ఇచ్చి, ఆ పల్లెల సరుకు అమ్ముడుపోయే చోటిని మాత్రం బయట పెట్టారు. ఎందుకు అలా చేశారో ఉత్తర్వులో కారణం రాయలేదు. నాకు అర్థమైనంతవరకు, బజారు అంటే గిరిజనేతరుల చోటు అనే ఆలోచన అప్పటికే అధికారుల బుర్రలో స్థిరపడిపోయింది. తర్వాత డెబ్బై ఏళ్ళు మున్సిపాలిటీల గొడవంతా ఈ ఆలోచన చుట్టూనే తిరుగుతుంది.

లిస్టులో ఒక పేరు ఉండటం, లేకపోవడం ఎంత పెద్ద సంగతో మంగపేట వాళ్ళను అడగండి. ములుగు జిల్లా మంగపేట మండలంలో 23 ఊళ్ళు షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్నాయా లేవా అనే కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి అవి షెడ్యూల్డ్ ఏరియావే అని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 1950 నాటి కాగితం మీద ఒక వాక్యాన్ని ఎలా చదవాలి అనే దాని మీద పంచాయతీ సీట్లు, భూములు, ఉద్యోగాలు అన్నీ వేలాడాయి.

ఇప్పుడు భూమి దగ్గరికి వద్దాం. 1917 చట్టం గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి భూమి పోవడాన్ని ఏజెంటు అనుమతి లేకుండా చెల్లదు అంది. 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబర్ 1 నుంచి అది తెలంగాణ ప్రాంతానికి కూడా అమలైంది. కానీ ఒక పెద్ద కంత ఉండిపోయింది. ఒక గిరిజనేతరుడి చేతికి వచ్చిన భూమిని అతను ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకోవచ్చు. మొదటి వాడు ఎలా సంపాదించాడో ఎవరు అడుగుతారు? 1970 ఫిబ్రవరి 3న వచ్చిన 1/70 ఆ కంత మూసింది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనుడికి గానీ, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఎవరికీ బదలాయించకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. దీన్ని సవాలు చేస్తే 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 1997లో సమత తీర్పు ఇంకో అడుగు వేసింది. అనంతగిరి మండలం గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. రెగ్యులేషన్‌లో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదని కోర్టు చెప్పింది.

కాగితం మీద ఇంత గట్టిగా ఉంటే మన మండల కేంద్రాల్లో మూడంతస్తుల బిల్డింగులు ఎలా లేచాయి? మీ అందరికీ తెలిసిందే. తెల్లకాగితం మీద రాసుకుంటారు, నోటరీ చేయించుకుంటారు, గిరిజనుడి పేరు మీద కొంటారు. పాత తేదీ వేసి 1970కి ముందే కొన్నాం అంటారు. కరెంటు మీటరు వస్తుంది, ఇంటి నంబరు వస్తుంది, పన్ను రసీదు వస్తుంది. ఇవేవీ హక్కు పత్రాలు కావు. కానీ ముప్పై ఏళ్ళు పన్ను కట్టిన మనిషి దాన్ని హక్కు అనే అనుకుంటాడు. అందుకే పట్నంలో ఇల్లున్న గిరిజనేతరుల్లో చాలామందికి మున్సిపాలిటీ కావాలి. అదేమీ కుట్ర అని నేను అనను. కూలికి వచ్చి రెండు గదులు వేసుకున్న పేదలు కూడా వాళ్ళలో ఉన్నారు. మాస్టర్ ప్లాన్ వస్తే, లేఔట్ నంబరు వస్తే, ప్లాను ఆమోదం వస్తే తమ కాగితం కాస్త బలపడుతుందని వాళ్ళ ఆశ. చట్టం ప్రకారం అది బలపడదు. కానీ ఒకసారి అలాంటి కాగితాలు వేలల్లో పుట్టాక వాటిని కాదనే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది చెప్పండి.

ఇక అసలు విషయం. 1992లో పార్లమెంటు రెండు సవరణలు చేసింది. 73వది పంచాయతీలకు, 74వది మున్సిపాలిటీలకు. రెండూ 1993లో అమల్లోకి వచ్చాయి. రెండింట్లోనూ ఒక మాట రాశారు: ఇది షెడ్యూల్డ్ ఏరియాలకు వర్తించదు. పంచాయతీలకు 243-ఎం, మున్సిపాలిటీలకు 243-జెడ్‌సి. కావాలంటే పార్లమెంటు తగిన మార్పులతో ప్రత్యేక చట్టం చేసి అక్కడికి పొడిగించవచ్చు. దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన 1994లో కమిటీ వేశారు. పంచాయతీల మీద ఆ కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. దాని నుంచే 1996 డిసెంబర్ 24న పెసా చట్టం వచ్చింది.

పెసాలో మనకు దక్కినవి ఏంటో మనలో చాలామందికి పూర్తిగా తెలియదు. సీట్లలో సగానికి తగ్గకుండా ఎస్టీలకు ఉండాలి. సర్పంచ్, ఎంపీపీ, జడ్పీ చైర్మన్ లాంటి అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలకే. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం కావాలి, ఖర్చు పెట్టాక వినియోగ ధృవపత్రం కూడా గ్రామసభ నుంచే తీసుకోవాలి. అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించే అధికారం, సంతల మీద, వడ్డీ వ్యాపారం మీద, మద్యం మీద అధికారం, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉన్నాయి. బడి, ఆసుపత్రి లాంటి సామాజిక రంగాల సంస్థల మీద, వాటిలో పనిచేసే ఉద్యోగుల మీద నియంత్రణ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ 1998లో పంచాయతీ చట్టం సవరించింది. నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. నియమాలు వచ్చాక కూడా ఎన్ని ఊళ్ళలో గ్రామసభ సరిగ్గా జరుగుతోందో మీకు మీరే లెక్క వేసుకోండి.

మరి మున్సిపాలిటీలకు? పెసా లాంటి బిల్లే ఒకటి 2001లో రాజ్యసభలో పెట్టారు. మెసా బిల్లు అంటారు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది, చట్టం కాలేదు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏజెన్సీలో ఒక ఊరు పంచాయతీగా ఉన్నంతకాలం సర్పంచ్ మనవాడే, గ్రామసభ ఉంటుంది, పెసా ఉంటుంది. అదే ఊరు మున్సిపాలిటీ అయిన రోజున పెసా దానికి పనిచేయదు. దాని బదులు రావాల్సిన మెసా అసలు పుట్టనేలేదు. గ్రామీణ ఉపాధి పనులు కూడా ఆగిపోతాయి, ఎందుకంటే అవి పల్లెలకే. పట్నం చివర ఉన్న మన గూడేలకు మాత్రం ఇంటిపన్ను పట్నం లెక్కన వస్తుంది. నేను మొదట్లో "పోయేది వేరే ఉంది" అన్నది ఇదే. ఊరు ఏజెన్సీలోనే ఉంటుంది, కానీ ఆ ఊరి మీద మన మాట పోతుంది.

ఇది ఒక్క మన దగ్గరి కథ కాదు. ఛత్తీస్‌గఢ్ సర్గుజా ప్రాంతంలో ప్రేమ్‌నగర్ అనే ఊరు ఉంది. థర్మల్ ప్లాంటు వద్దని అక్కడ గ్రామసభ పట్టుబట్టింది. కొన్నాళ్ళకు ఆ ఊరిని నగర పంచాయతీ చేసేశారు. గ్రామసభే లేకపోతే తీర్మానం ఎవరు చేస్తారు? ఒడిశాలో రూర్కెలాను కార్పొరేషన్ చేసి చుట్టుపక్కల పంచాయతీలను కలిపినప్పుడు కూడా ఆదివాసులు రోడ్డెక్కారు.

మన దగ్గర ఎక్కువగా నలిగింది బొగ్గు, కరెంటు పట్నాలు. పాల్వంచలో థర్మల్ స్టేషన్, స్పాంజ్ ఐరన్ వచ్చాయి. మణుగూరులో, మందమర్రిలో సింగరేణి. కార్మికులు వచ్చారు, కాలనీలు వచ్చాయి, ఊరు మున్సిపాలిటీ అయింది. కానీ ఎన్నికలు పెట్టాల్సి వచ్చేసరికి ఏజెన్సీ చిక్కు అడ్డం పడింది. 2020 జనవరిలో తెలంగాణ అంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగితే పాల్వంచ, మణుగూరు, మందమర్రిలో జరగలేదు. పక్కనే కొత్తగూడెం, ఇల్లందులో జరిగాయి. తర్వాత 2025లో పాల్వంచను కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేశారు.

ఎన్నిక లేని మున్సిపాలిటీ అంటే ఏంటో ఆలోచించండి. కౌన్సిల్ ఉండదు, కానీ కౌన్సిల్ తీర్మానాలు ఉంటాయి. ప్రత్యేకాధికారి సంతకం పెడితే అదే తీర్మానం. ఏ వార్డులో రోడ్డు వేయాలి, ఏ స్థలంలో మార్కెట్ కట్టాలి, చెత్త ఎక్కడ పోయాలి, ఔట్‌సోర్సింగ్‌లో ఎవరిని తీసుకోవాలి, అన్నీ ఒక ఆఫీసరు గదిలోనే తేలిపోతాయి. గిరిజనుడికీ ఓటు లేదు, గిరిజనేతరుడికీ ఓటు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ సమానంగా అన్యాయం జరిగింది.

భద్రాచలం కథ ఇంకో రకం. యాభై వేల దగ్గర జనాభా ఉన్నా అది పంచాయతీయే. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు పట్నాన్ని తెలంగాణలో ఉంచి చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఊళ్ళను అటు ఇచ్చేశారు. ఊరు పెరగడానికి జాగా లేదు, చెత్త పోయడానికి కూడా జాగా లేదు. 2022 డిసెంబర్‌లో అదే పట్నాన్ని మూడు పంచాయతీలుగా విడగొట్టాలని జీవో వచ్చింది. మున్సిపాలిటీ చేద్దామా, ముక్కలు చేద్దామా అని పై వాళ్ళు ఆలోచించారు తప్ప, పెసా కింద పెద్ద పంచాయతీకి పట్నానికి సరిపడా నిధులు, ఇంజనీర్లు ఇద్దామని ఎవరికీ తట్టలేదు. పంచాయతీగా ఉంటే డ్రైనేజీ కట్టకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు కదా.

ఉద్యోగాల సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు, ఎందుకంటే మన గ్రూపులో సగం మంది నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్ళే.

ఏజెన్సీ బళ్ళలో మైదానం నుంచి వచ్చే పంతుళ్ళు నిలవడం లేదని, రాకపోకలకే సరిపోతోందని ప్రభుత్వమే ఒప్పుకుని 1986 నవంబర్ 5న జీవో 275 ఇచ్చింది. టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని. ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. మళ్ళీ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకు, అందులో మూడో వంతు మహిళలకు. స్థానికుడు అంటే 1950 జనవరి 26 నుంచి తల్లిదండ్రులు అక్కడే ఉంటున్నవాళ్ళు. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని నిలబెట్టింది. మన అక్కలు, అన్నలు ఎంతమంది ఆ జీవోతో పంతుళ్ళు అయ్యారో ప్రతి ఊళ్ళో కనిపిస్తుంది. బడిలో మన భాష తెలిసిన మనిషి నిలబడటం మొదలైంది అప్పుడే.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ మధ్యలో, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం చేబ్రోలు లీలా ప్రసాదరావు కేసులో జీవో 3ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం అంది. 1950 తేదీ పెట్టడం కూడా తప్పే అంది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలను షరతు మీద కాపాడింది. మళ్ళీ ఇలా చేయకూడదని రెండు రాష్ట్రాలకూ గట్టిగా చెప్పింది. 2022లో జార్ఖండ్ టీచర్ల కేసులోనూ అదే దారి.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా చూడాలి. 2010 జనవరిలో ఇదే సుప్రీంకోర్టు రాకేష్ కుమార్ కేసులో, జార్ఖండ్ షెడ్యూల్డ్ ఏరియాల్లో పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలకే ఇవ్వడం సరైనదే అని చెప్పింది. ఎందుకంటే దాని వెనక పార్లమెంటు చేసిన పెసా ఉంది, ఐదో షెడ్యూల్ ఉద్దేశం ఉంది. అంటే పదవికి నూరు శాతం నిలబడింది, ఉద్యోగానికి నూరు శాతం నిలబడలేదు. పదవి వెనక చట్టం ఉంది. ఉద్యోగం వెనక ఉన్నది గవర్నర్ నోటిఫికేషన్‌గా వచ్చిన ఒక జీవో. జీవో మీద కట్టిన ఇల్లు ఎప్పుడైనా కదులుతుంది.

జోన్ల సంగతి కూడా ఇంతే. 371-డి కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. జిల్లా పోస్టుల్లో 80 శాతం స్థానికులకు అన్నారు. తెలంగాణలో 2018 కొత్త ఉత్తర్వు దాన్ని 95 శాతం చేసింది, ఏడు జోన్లు పెట్టింది. వినడానికి బాగుంటుంది. కానీ ఈ రెండింట్లోనూ "స్థానికుడు" అంటే జిల్లా వాడు, జోన్ వాడు. ఏజెన్సీ అనే యూనిట్ ఎక్కడా లేదు. గుండాల అడవిలో చదువుకున్న పిల్ల, జిల్లా కేంద్రంలో కోచింగ్ తీసుకున్న పిల్లతో సమానంగా "స్థానికురాలు". ఎస్టీ కోటాలో పోటీపడినా అంతే, మైదానంలో ఉండే ఎస్టీ అభ్యర్థి, ఏజెన్సీ ఎస్టీ అభ్యర్థి ఒకే వరసలో నిలబడాలి. ఇది చెబితే మనలో మనకే గొడవలు అవుతాయని కొందరు మాట్లాడరు. తెగల మధ్య తగువు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఏజెన్సీని ఒక యూనిట్‌గా ఎందుకు లెక్కించలేదు అనేది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు మున్సిపాలిటీ దగ్గరికి తిరిగి వస్తే ఉద్యోగాల లెక్క కూడా తెలుస్తుంది. పంచాయతీలో బడి మీద, అంగన్‌వాడీ మీద, ఆసుపత్రి మీద గ్రామసభకు పెసా ఇచ్చిన నియంత్రణ ఉంది, వాడుకున్నా వాడుకోకపోయినా. మున్సిపాలిటీలో కమిషనర్, మేనేజర్, ఇంజనీర్, టౌన్ ప్లానింగ్ వాళ్ళు అందరూ రాష్ట్ర మున్సిపల్ సర్వీసు నుంచి బదిలీ మీద వస్తారు. స్థానికంగా మిగిలేది చీపురు, చెత్తబండి, పంపు ఆపరేటర్ పనులు. ఆ పనుల్లో మనోళ్ళు బాగానే కనిపిస్తారు, దానికి రిజర్వేషన్ ఎవరూ అడగలేదు.

రాబోయే రోజుల్లో ఈ ప్రతిపాదనలు ఇంకా వస్తాయి. పాడేరు 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయింది. జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులు, క్వార్టర్లు, లాడ్జీలు, వాటి వెంట పట్నం కావాలనే మాట రాకుండా ఉండదు. మీ మండల కేంద్రంలో అలాంటి మాట వచ్చినప్పుడు చూడాల్సిన కాగితాలు మూడున్నాయి. మీ రెవెన్యూ గ్రామం పేరు 1950 ఉత్తర్వులో ఎలా ఉందో చూడండి, ఇప్పటి స్పెల్లింగ్‌తో కాదు, అప్పటి పేరుతో. గిరిజన సలహా మండలి ఈ విషయం చర్చించిందా అని సమాచార హక్కు కింద అడగండి. ఐదో షెడ్యూల్ ఐదో పేరా ప్రకారం ఏ చట్టాన్నైనా షెడ్యూల్డ్ ఏరియాకు వర్తించకుండా ఆపే అధికారం, మార్పులతో వర్తింపజేసే అధికారం గవర్నర్‌కు ఉంది. మున్సిపల్ చట్టం మీద ఆ అధికారం ఎప్పుడైనా వాడారా అని కూడా అదే దరఖాస్తులో రాయండి. మూడోది మీ పంచాయతీలోనే ఉంటుంది, గ్రామసభ మినిట్స్ పుస్తకం. దాంట్లో ఎన్ని తీర్మానాల కింద అసలు జనం సంతకాలు ఉన్నాయో చూసి కామెంట్లలో రాయండి. ఊళ్ళ వారీగా ఒక పట్టిక తయారు చేద్దాం.

జై ఆదివాసీ.